మల్టీ థ్రెడ్ ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంటే మూలం పట్టుకోవడం ఎలా

"నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది, సర్వర్‌లో మాత్రం రెండు రోజులకోసారి పడిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు మొత్తం వరస ఇక్కడ పెడుతున్నాను. ఉదాహరణలు లినక్స్ మీద నడిచే సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములవి. మిగతా భాషల వాళ్లకు 9వ భాగంలో కొంత ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఇలాంటి క్రాష్‌లో కింద పడిన థ్రెడ్ (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల్లో ఒకటి) చాలాసార్లు దెబ్బ తిన్నదే గానీ కొట్టినది కాదు. కొట్టిన థ్రెడ్ అప్పటికే తన పని ముగించుకుని ఇంకెక్కడో తాపీగా ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకని క్రాష్ అయిన లైనునే పట్టుకుని గంటలు కూర్చోకండి. ఈ డేటాను ఇంకెవరు ముట్టుకుంటున్నారు, ఆ ఇద్దరి మధ్య ఏ లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే డేటా దగ్గరికి రానిచ్చే తాళం) ఉంది? కింద చెప్పే పనులన్నీ ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టడానికే.

## 1. రీస్టార్ట్ నొక్కే ముందు ఆధారాలు దాచండి

సర్వీస్ పడగానే చెయ్యి రీస్టార్ట్ మీదకే పోతుంది. తప్పదు, జనం ఎదురుచూస్తుంటారు. కానీ రెండు నిమిషాలు ఆగి కిందివి పక్కన పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

- కోర్ డంప్ ఫైలు (ప్రోగ్రాము పడిన క్షణంలో దాని మెమరీ నకలు)
- క్రాష్ అయిన అదే బైనరీ (మళ్లీ బిల్డ్ చేసినది కాదు, సరిగ్గా అదే)
- అది లోడ్ చేసుకున్న షేర్డ్ లైబ్రరీలు
- స్టాండర్డ్ ఎర్రర్‌లో పడిన చివరి వంద లైన్లు
- ఎగ్జిట్ కోడ్
- కెర్నల్ లాగ్‌లో ఆ సమయానికి ఉన్న లైన్లు
- ప్రాసెసర్ రకం, అందులోని కోర్‌ల సంఖ్య, అప్పటి లోడ్

ఎగ్జిట్ కోడ్‌ను చాలామంది చూడరు. షెల్ చూపించే కోడ్ 128 దాటితే అందులోంచి 128 తీసేయండి, మిగిలేది సిగ్నల్ నంబరు. 139 అంటే సిగ్నల్ 11, సెగ్మెంటేషన్ ఫాల్ట్. 134 అంటే 6, అబార్ట్. 137 అంటే 9, అంటే అసలు క్రాషే కాదు. ఎవరో బయటి నుంచి చంపారు. ఎక్కువసార్లు ఆ ఎవరో కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్, కారణం మెమరీ అయిపోవడం. నేనొకసారి 137ను సరిగ్గా చూడకుండా రెండు రోజులు రేస్ కండిషన్ (థ్రెడ్లు నడిచే వరస మారితే ఫలితం మారే బగ్) కోసం వెతికాను. కెర్నల్ లాగ్ తెరిచి ఉంటే రెండు నిమిషాల పని.

## 2. కోర్ డంప్ వచ్చేలా ముందే అమర్చండి

కోర్ డంప్ లేకపోతే మిగిలేది ఊహలే. వరసగా ఇవి చూడండి.

మొదటిది సైజు పరిమితి. షెల్‌లో యూలిమిట్ కమాండ్‌తో కోర్ సైజును అన్‌లిమిటెడ్ చేయాలి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాము) కింద నడిచే సర్వీసుకు మీ షెల్‌లో పెట్టిన పరిమితి వర్తించదు. దాని యూనిట్ ఫైల్లోనే లిమిట్‌కోర్ విలువ పెట్టాలి. "నేను పెట్టాను, అయినా కోర్ రావడం లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

రెండోది, కోర్ ఎక్కడికి పోతోంది. ప్రాక్ ఫైల్ సిస్టమ్‌లో కెర్నల్ విభాగం కింద కోర్ ప్యాటర్న్ అనే ఫైలు ఉంటుంది. అందులో మొదటి అక్షరం పైపు గుర్తు అయితే, కోర్ మీ ఫోల్డర్లో పడదు, ఆ పక్కన రాసిన ప్రోగ్రాముకు చేరుతుంది. అది సిస్టమ్‌డీ వాళ్లదైతే కోర్‌డంప్‌సీటీఎల్ కమాండ్‌తో జాబితా చూసి, అక్కడి నుంచే జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరవచ్చు.

కంటైనర్లలో ఒక చిక్కు ఉంది. కోర్ ప్యాటర్న్ కెర్నల్ మొత్తానికీ ఒక్కటే, అంటే అది హోస్ట్‌ది. అందులో పైపు గుర్తు ఉంటే కోర్ హోస్ట్ వైపే పోతుంది, కంటైనర్ లోపల ఎంత వెతికినా దొరకదు.

మూడోది, పరీక్ష. సర్వీసు ఎలా నడుస్తుందో అలాగే ఒక నకలు నడిపి, దానికి కిల్ కమాండ్‌తో సిగ్నల్ 11 పంపండి. కోర్ పడిందా, పూర్తిగా పడిందా, జీడీబీలో తెరుచుకుందా చూడండి. సైజు పరిమితి వల్ల సగంలో తెగిన కోర్ అసలు వేళలో చేతికొస్తే ఏడుపొక్కటే తక్కువ.

## 3. బిల్డ్‌లో చేయాల్సిన మార్పులు

- డీబగ్ సమాచారం చేర్చే జీ ఫ్లాగ్ ఎప్పుడూ ఉంచండి. దాని వల్ల ప్రోగ్రాము నెమ్మదించదు, ఫైలు సైజు మాత్రమే పెరుగుతుంది.
- ఫైలు పెద్దదవుతుందనుకుంటే సింబల్స్‌ను వేరే ఫైలుగా తీసి, బిల్డ్ ఐడీతో జత చేసి దాచండి.
- ఫ్రేమ్ పాయింటర్‌ను వదిలేయవద్దని కంపైలర్‌కు చెప్పండి. స్టాక్ పాడైనప్పుడు బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) కొంతైనా దక్కుతుంది.
- ప్రతి థ్రెడ్‌కూ పేరు పెట్టండి. లినక్స్‌లో 15 అక్షరాలు మించకూడదు. నలభై థ్రెడ్ల జాబితాలో "టైమర్", "నెట్-3", "డిస్క్" అని కనిపిస్తే పని సగం తేలిక.

ఆప్టిమైజేషన్ తీసేసి బిల్డ్ చేస్తే క్రాష్ పోయిందని కొందరు సంబరపడతారు. బగ్ పోలేదు, టైమింగ్ మారింది. దర్యాప్తు జరిగినంతకాలం ప్రొడక్షన్‌లో ఉన్న ఆప్టిమైజేషన్ స్థాయినే ఉంచండి. వేరియబుల్ విలువలు "ఆప్టిమైజ్డ్ అవుట్" అని వచ్చి విసిగిస్తాయి, భరించాలి.

## 4. కోర్ చదివే వరస

### 4.1 ముందు సిగ్నల్, ఆ తర్వాత అడ్రస్

సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే ఏ అడ్రస్‌ను ముట్టుకోబోయి పడిందో చూడండి. ఆ అంకె చాలా చెబుతుంది.

సున్నా, లేదా 24, 40 లాంటి చిన్న అంకె అయితే నల్ పాయింటర్ ద్వారా ఏదో మెంబర్‌ను చదవబోయింది. స్టాక్ పాయింటర్‌కు ఆనుకుని ఉంటే స్టాక్ నిండిపోయింది. జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ ఉన్న లినక్స్‌లో కొత్త థ్రెడ్‌కు మామూలుగా 8 ఎంబీ స్టాక్ వస్తుంది. ఆల్పైన్ లినక్స్‌లో ఉండే మసల్ లైబ్రరీలో అదే 128 కేబీ మాత్రమే. ఫంక్షన్‌లో పెద్ద అర్రే పెట్టుకున్న ప్రోగ్రాము ఒకచోట నడిచి ఇంకోచోట పడడానికి ఇదొక కారణం, దీనికీ రేస్‌కూ ఏ సంబంధమూ లేదు.

అడ్రస్ అంకెలను అక్షరాలుగా మార్చి చూస్తే ఏదో పేరో, యూఆర్ఎల్ ముక్కో కనిపిస్తోందా? పాయింటర్ ఉన్న చోట ఎవరో స్ట్రింగ్ రాసేశారు. అడ్రస్ మామూలుగానే ఉంది గానీ అక్కడి డేటా అంతా చెత్తలా ఉందా? విడుదల చేసేసిన మెమరీని వాడుతున్నారన్న అనుమానం పెట్టుకోండి.

అబార్ట్ అయితే స్టాండర్డ్ ఎర్రర్‌లో సందేశం చదవండి. డబుల్ ఫ్రీ, ఇన్‌వ్యాలిడ్ పాయింటర్, కరప్టెడ్ సైజ్ లాంటి మాటలు ఉంటే హీప్ (ప్రోగ్రాము నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) పాడైంది. పాడైనది ఎప్పుడో, బయటపడింది ఇప్పుడు. "టెర్మినేట్ కాల్డ్ వితౌట్ యాన్ యాక్టివ్ ఎక్సెప్షన్" అని ఉంటే ఎక్కువగా జాయిన్ గానీ డిటాచ్ గానీ చేయని థ్రెడ్ ఆబ్జెక్ట్ నాశనమైంది. ఇది నిమిషాల్లో తేలిపోయే కేసు.

### 4.2 అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీయండి

జీడీబీలో "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ ఫుల్" నడిపి, వచ్చినదంతా ఒక ఫైల్లోకి పంపండి. తెరమీద చదవకండి. పడిన థ్రెడ్ ఒక్కదాని బ్యాక్‌ట్రేస్ పంపి "ఏమై ఉంటుంది?" అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. మిగతా ముప్పైతొమ్మిది థ్రెడ్లలోనే కథ ఉంది.

ఆ ఫైల్లో కండిషన్ వేరియబుల్ (షరతు తీరేదాకా థ్రెడ్‌ను నిద్రపుచ్చేది) మీదో, ఈపోల్ (నెట్‌వర్క్ ఘటనల కోసం ఆగే పిలుపు) మీదో ఎదురుచూస్తూ ఒకేలా కనిపించే థ్రెడ్లను పక్కకు నెట్టండి. మిగిలేవి నాలుగో అయిదో.

### 4.3 ఒకే అడ్రస్ ఇంకెక్కడ కనిపిస్తోంది?

పడిన ఫ్రేమ్‌లో ఉన్న ఆబ్జెక్ట్ అడ్రస్ తీసుకుని, అదే ఫైల్లో వెతకండి. ఇంకో థ్రెడ్ స్టాక్‌లో అదే అడ్రస్ ఆర్గ్యుమెంట్‌గా కనిపిస్తే మీ అదృష్టం పండినట్టే. ఇద్దరూ ఒకే వస్తువు దగ్గర దొరికారు.

### 4.4 లాక్ ఎవరి దగ్గర ఉంది?

ఆ డేటాను కాపాడాల్సిన లాక్‌ను, అంటే మ్యూటెక్స్‌ను జీడీబీలో ప్రింట్ చేయండి. పీథ్రెడ్ మ్యూటెక్స్ లోపల ఓనర్ అనే ఫీల్డ్ ఉంటుంది, అందులో లాక్ పట్టుకున్న థ్రెడ్ ఐడీ ఉంటుంది. "ఇన్ఫో థ్రెడ్స్" జాబితాలోని ఎల్‌డబ్ల్యూపీ (థ్రెడ్‌కు కెర్నల్ ఇచ్చిన నంబరు) అంకెతో పోల్చండి. పడిన థ్రెడ్ ఓనర్ కాదంటే, లాక్ లేకుండానే లోపలికి వెళ్లిందన్నమాట.

### 4.5 ఒక ఉదాహరణ

ఒక సర్వర్ ఉంది. కనెక్షన్ తెగగానే నెట్‌వర్క్ థ్రెడ్ ఆ సెషన్ ఆబ్జెక్ట్‌ను డిలీట్ చేస్తుంది. టైమర్ థ్రెడ్ 30 సెకన్లకోసారి తన దగ్గరున్న సెషన్ పాయింటర్లన్నీ తిరగేసి టైమౌట్ చూస్తుంది.

కోర్‌లో పడింది టైమర్ థ్రెడ్, ఒక వర్చువల్ ఫంక్షన్ పిలుస్తూ. ఆబ్జెక్ట్‌లోని మొదటి 8 బైట్లు, అంటే వీటేబుల్ (వర్చువల్ ఫంక్షన్ల జాబితా) పాయింటర్ ఉండాల్సిన చోట, చెత్త ఉంది. మొదట తట్టే మందు "పాయింటర్ నల్ కాకపోతేనే పిలువు" అని ఒక ఇఫ్ పెట్టడం. పనిచేయదు. పాయింటర్ నల్ కానే కాదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, చిరునామా చీటీ మాత్రం ఇంకా జేబులోనే ఉంది.

మరి నెట్‌వర్క్ థ్రెడ్? కోర్‌లో చూస్తే అది ఈపోల్ దగ్గర అమాయకంగా కూర్చుని ఉంది. డిలీట్ చేసి ఎప్పుడో వచ్చేసింది. కోర్ ఒక ఫొటో లాంటిది, అంతకు ముందు క్షణంలో ఏం జరిగిందో అందులో ఉండదు. ఇక్కడ ఫొటో పని అయిపోయింది. ఇక మళ్లీ క్రాష్ చేయించాలి.

## 5. లక్షణం చూసి అనుమానం

ఇవి తీర్పులు కావు. ఎక్కడ ముందు వెతకాలో చెప్పే సూచనలు.

- ప్రోగ్రాము ముగిసే వేళలోనే పడుతోంది: డిటాచ్ చేసిన థ్రెడ్ ఇంకా నడుస్తోంది, గ్లోబల్, స్టాటిక్ ఆబ్జెక్టులు అప్పటికే నాశనమయ్యాయి.
- లోడ్ పెరిగినప్పుడే, వెక్టర్ లేదా మ్యాప్ లోపల పడుతోంది: ఒకరు చదువుతుండగా ఇంకొకరు చేర్చారు. వెక్టర్ చోటు చాలక కొత్త మెమరీకి మారితే పాత ఇటరేటర్లన్నీ పనికిరావు.
- షేర్డ్ పాయింటర్ వాడుతున్నా పడుతోంది: ఎందరు వాడుతున్నారన్న దాని లెక్కింపు అటామిక్ (మధ్యలో ఇంకో థ్రెడ్ దూరలేనిది), నిజమే. కానీ ఒకే షేర్డ్ పాయింటర్ వేరియబుల్‌లో ఒక థ్రెడ్ రాస్తూ ఇంకొకటి చదివితే అది రేసే. ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చిన బగ్‌లు లెక్కలేనన్ని చూశాను.
- తేదీలు, టోకెన్లు కలగాపులగం అవుతున్నాయి: స్ట్ర్‌టోక్, లోకల్‌టైమ్ లాంటి పాత ఫంక్షన్లు లోపల అన్ని థ్రెడ్లకూ ఉమ్మడిగా ఉండే చోటు వాడతాయి. అండర్‌స్కోర్ ఆర్ తోకున్న రూపాలు వాడండి.
- ఫోర్క్ (ప్రాసెస్ తన నకలు పుట్టించడం) తర్వాత చైల్డ్ ప్రాసెస్ వేలాడుతోంది: ఫోర్క్ చేసిన థ్రెడ్ ఒక్కటే చైల్డ్‌లోకి వస్తుంది. మిగతా థ్రెడ్లు పట్టుకున్న లాక్‌లు మాత్రం పడి ఉన్న తాళాల్లా అలాగే ఉండిపోతాయి, తీసేవాళ్లు ఉండరు.
- ఎక్స్86 ప్రాసెసర్‌లో బాగుంది, ఆర్మ్ ప్రాసెసర్‌లో పడుతోంది: ఆర్మ్ మెమరీ ఆర్డర్ (ఒక థ్రెడ్ రాసినవి మిగతావాటికి కనిపించే వరస) విషయంలో సడలింపు ఎక్కువ. అటామిక్ కాని ఫ్లాగ్‌తో డేటా సిద్ధమైందని చెబుతున్నారేమో చూడండి.

## 6. మళ్లీ క్రాష్ చేయించండి

వారానికోసారి పడేదాన్ని నిమిషానికోసారి పడేలా చేయగలిగితే పని ముప్పాతిక అయినట్టే. కొందరు ఈ మెట్టు దాటేసి నేరుగా కోడ్ మార్చడానికి దిగుతారు. ఆ తొందర ఎందుకు చేటో 11వ భాగంలో లెక్కతో చూపిస్తాను.

మొదట తేలికపాటివి:

- థ్రెడ్ల సంఖ్యను ప్రాసెసర్ కోర్‌లకు రెండు నుంచి నాలుగు రెట్లు పెంచండి
- క్యూల సైజును 1 లేదా 2కి తగ్గించండి
- టైమర్ల వ్యవధిని 30 సెకన్ల నుంచి 1 మిల్లీసెకనుకు దించండి
- టాస్క్‌సెట్‌తో ప్రోగ్రామును రెండు కోర్‌లకు కట్టేసి చూడండి, ఆ తర్వాత కట్లు విప్పి చూడండి
- పక్కన సీపీయూను నమిలే ఇంకో ప్రోగ్రాము నడపండి
- కనెక్ట్ అవ్వడం, తెగడం, ఆపడం, మొదలుపెట్టడం లూప్‌లో చేయించండి. బగ్‌లు ఎక్కువగా ఈ సందుల్లోనే ఉంటాయి

వీటితో లొంగకపోతే అసలు ఆయుధం: సందును వెడల్పు చేయడం. కోర్ చదివాక మీకొక అనుమానం ఉంటుంది. మన ఉదాహరణలో అయితే, "టైమర్ పాయింటర్ తీసుకున్నాక, ఫంక్షన్ పిలిచేలోపు సెషన్ డిలీట్ అవుతోంది." ఆ రెండు లైన్ల మధ్య కావాలని 50 మిల్లీసెకన్ల స్లీప్ పెట్టండి. వెయ్యిసార్లకు ఒకసారి పడేది ప్రతిసారీ పడడం మొదలైతే మీ అనుమానానికి గట్టి సాక్ష్యం దొరికినట్టు. ఏ తేడా రాకపోతే అనుమానం తప్పై ఉండవచ్చు. ఇంకోచోట పెట్టి చూడండి. స్లీప్‌ను బగ్ దాచడానికి వాడేవాళ్లే ఎక్కువ, దాన్ని బయటికి లాగడానికి వాడాలి. దర్యాప్తు ముగిశాక తీసేయడం మరవకండి.

ప్రింట్ పెడితే బగ్ మాయం అవడం గురించి కూడా చెప్పాలి. ప్రింట్ఎఫ్ లోపల అవుట్‌పుట్ స్ట్రీమ్‌కు ఒక లాక్ ఉంటుంది. ప్రతి థ్రెడ్‌లోనూ ప్రింట్ పెడితే మీకు తెలియకుండానే అందరినీ ఒక వరసలో నిలబెట్టారు. రేస్ దాక్కుంటుంది. దాని బదులు ప్రతి థ్రెడ్‌కూ దాని సొంత రింగ్ బఫర్ (నిండితే పాతదాని మీదే రాసుకునేది) ఇవ్వండి: సమయం, ఘటన సంఖ్య, పాయింటర్ విలువ, ఈ మూడే. ఫైల్లోకి రాయొద్దు. క్రాష్ అయ్యాక కోర్‌లోంచి ఆ బఫర్లు తీసి సమయం ప్రకారం కలిపి చదవండి. ఫొటోకు ముందు జరిగిన కథ అందులో ఉంటుంది.

## 7. థ్రెడ్ శానిటైజర్

ఒకే ఒక్క పరికరం వాడే టైమ్ ఉంటే ఇదే వాడండి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెంటిలోనూ ఉంది. కంపైల్, లింక్ రెండు చోట్లా శానిటైజ్ ఆప్షన్‌కు థ్రెడ్ అని విలువ ఇచ్చి మళ్లీ బిల్డ్ చేయాలి.

దీని గొప్ప సౌలభ్యం ఏమిటంటే క్రాష్ అవ్వాల్సిన అవసరమే లేదు. రెండు థ్రెడ్లు ఒకే చోటును, కనీసం ఒకటి రాస్తూ, మధ్యలో ఏ సమన్వయమూ లేకుండా ముట్టుకుంటే చాలు, పట్టేస్తుంది. అయితే నడిచిన కోడ్‌లోనే పట్టుకుంటుంది. మీ టెస్ట్ ఆ దారిలోకి వెళ్లకపోతే "రేస్ లేదు" అన్న మాటకు విలువ లేదు.

ఖర్చు: ప్రోగ్రాము 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు పడుతుంది. ప్రొడక్షన్‌లో కాదు, టెస్ట్ మెషీన్‌లో పెట్టండి.

### 7.1 రిపోర్ట్ చదవడం

రిపోర్ట్‌లో నాలుగు ముక్కలుంటాయి. ఇప్పటి యాక్సెస్ ఏ థ్రెడ్‌ది, ఏ లాక్‌లు పట్టుకుని ఉంది. అంతకు ముందు యాక్సెస్ ఎవరిది. ఆ మెమరీ ఎక్కడ అలొకేట్ అయింది. ఆ థ్రెడ్లు ఎక్కడ పుట్టాయి. రెండు స్టాక్‌లూ పక్కపక్కన పెట్టుకుని మ్యూటెక్స్‌ల పేర్లు పోల్చండి. ఒకరు ఎం1 పట్టుకుని, ఇంకొకరు ఎం2 పట్టుకుని ఉంటే ఇద్దరికీ తాళం ఉంది గానీ తలుపులు వేరు.

మన సెషన్ ఉదాహరణలో "డేటా రేస్ ఆన్ వీపీటీఆర్" అనో, "హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ" అనో వస్తుంది. కోర్‌లో అమాయకంగా కనిపించిన నెట్‌వర్క్ థ్రెడ్ ఇక్కడ డిలీట్ లైనుతో సహా దొరుకుతుంది.

### 7.2 తరచూ వచ్చే ఇబ్బందులు

- మొదలవగానే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ మెమరీ మ్యాపింగ్" అని ఆగిపోతే, కొత్త కెర్నల్‌లో అడ్రస్‌లను చెదరగొట్టే స్థాయి ఎక్కువగా ఉందని అర్థం. వీఎం విభాగంలోని ఎంమ్యాప్ ఆర్ఎన్‌డీ బిట్స్ విలువను 28కి తగ్గించండి, లేదా సెట్ఆర్క్‌తో ఆ చెదరగొట్టడాన్నే ఆపి నడపండి.
- శానిటైజర్ లేకుండా బిల్డ్ చేసిన లైబ్రరీలు ఉంటే తప్పుడు హెచ్చరికలు వస్తాయి. వీలైనన్ని అదే ఫ్లాగ్‌తో బిల్డ్ చేయండి.
- విడి మెమరీ ఫెన్స్‌లతో (మెమరీ పనుల వరసను కట్టడి చేసే సూచనలతో) రాసిన కోడ్ దానికి అర్థం కాదు.
- వందల హెచ్చరికలు వస్తే కంగారు పడకండి. అలొకేషన్ చోటు ప్రకారం గుంపులు చేస్తే నాలుగైదు మూలాలే తేలతాయి.

"ఇది ప్రమాదం లేని రేస్, వదిలేద్దాం" అనే మాట ప్రతి టీమ్‌లోనూ వినిపిస్తుంది. సీ ప్లస్ ప్లస్ 11 నుంచి డేటా రేస్ అంటే నిర్వచనం లేని ప్రవర్తనే. కంపైలర్ మామూలు బూల్ ఫ్లాగ్‌ను లూప్ బయట ఒక్కసారే చదివి, ఆ తర్వాత ఇక ఎప్పటికీ చూడకపోవచ్చు. అటామిక్ చేయడానికి పట్టేది ఒక్క లైను.

## 8. మిగతా పరికరాలు ఎప్పుడు

అడ్రస్ శానిటైజర్: హీప్ పాడైందన్న అనుమానం ఉంటే దీనితో మొదలుపెట్టండి. నెమ్మదించేది సుమారు రెండు రెట్లే. థ్రెడ్ శానిటైజర్‌తో కలిపి ఒకే బిల్డ్‌లో పెట్టలేరు, రెండు బిల్డ్‌లు కావాలి.

హెల్‌గ్రైండ్: వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పరికరంలో భాగం. మళ్లీ కంపైల్ చేయలేని బైనరీ అయితేనే ఇటు రండి. చాలా నెమ్మది. పైగా వాల్‌గ్రైండ్ ఒకసారికి ఒక థ్రెడ్‌నే నడుపుతుంది. అయితే లాక్‌ల వరస తప్పులు బాగా పట్టుకుంటుంది.

ఆర్ఆర్: ఒకసారి రికార్డ్ చేస్తే అదే క్రాష్‌ను ఎన్నిసార్లైనా, వెనక్కి కూడా నడిపి చూడవచ్చు. పాడైన చోటు మీద వాచ్ పెట్టి "రివర్స్ కంటిన్యూ" అంటే, చివరిసారి అక్కడ ఎవరు రాశారో ఆ లైను దగ్గర ఆగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. మామూలుగా బగ్ రికార్డింగ్‌లో పడకపోతే కేయాస్ మోడ్ (థ్రెడ్ల వంతులను కావాలని కలగాపులగం చేసేది) పెట్టండి. పరిమితులు: థ్రెడ్లన్నీ ఒకే కోర్ మీద వంతులవారీగా నడుస్తాయి, కాబట్టి మెమరీ ఆర్డరింగ్ బగ్‌లు ఇందులో పడవు. ప్రాసెసర్ పనితీరు కౌంటర్లు అందుబాటులో ఉండాలి, వర్చువల్ మెషీన్లలో అన్నిచోట్లా అవి దొరకవు.

లైవ్‌గా జీడీబీ: ఒక థ్రెడ్‌ను స్టెప్ చేస్తుంటే మిగతావీ పరుగెడతాయని మరవకండి. షెడ్యూలర్ లాకింగ్ ఆన్ చేస్తే ఆగుతాయి, కానీ మీ థ్రెడ్‌కు కావాల్సిన లాక్ ఆగిన థ్రెడ్ దగ్గరుంటే మీరూ ఆగిపోతారు. ఎక్స్86లో హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్లు నాలుగే, ఒక్కొక్కటి 8 బైట్ల వరకే.

## 9. వేరే భాషలు, వేరే సిస్టమ్‌లు

- జావా: జేస్టాక్‌తో థ్రెడ్ డంప్ కొన్ని సెకన్ల తేడాతో మూడుసార్లు తీసి పోల్చండి. వర్చువల్ మెషీనే పడితే హెచ్ఎస్ ఎర్ర్ పేరుతో మొదలయ్యే ఫైలు మిగులుతుంది.
- గో: రేస్ ఫ్లాగ్‌తో టెస్ట్‌లు నడపండి. "కాంకరెంట్ మ్యాప్ రైట్స్" అన్న ఫేటల్ ఎర్రర్‌ను రికవర్‌తో పట్టలేరు, మ్యాప్‌కు లాక్ పెట్టడమే మార్గం.
- పైథాన్: నేటివ్ ఎక్స్‌టెన్షన్ వల్ల పడుతుంటే ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్ ఆన్ చేయండి, అన్ని థ్రెడ్ల పైథాన్ స్టాక్ చూపిస్తుంది.
- మ్యాక్: ఎల్ఎల్‌డీబీలో "బీటీ ఆల్".
- విండోస్: ప్రాక్‌డంప్‌తో డంప్ తీసి విన్‌డీబీజీలో తెరవండి. విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్‌లో మెమరీ నిండా డీడీ డీడీ అని కనిపిస్తే విడుదల చేసినది, సీడీ సీడీ అని కనిపిస్తే తీసుకుని ఇంకా ఏమీ నింపనిది.

## 10. సరిచేయడం

### 10.1 చేయకూడనివి

- స్లీప్ పెట్టి వదిలేయడం
- నల్ చెక్‌తో కప్పెట్టడం
- వొలటైల్ పెట్టడం. సీ, సీ ప్లస్ ప్లస్‌లో అది థ్రెడ్ల మధ్య సమన్వయం ఇవ్వదు
- రాసేవాళ్లకు మాత్రమే లాక్ పెట్టి, చదివేవాళ్లను వదిలేయడం
- డెడ్‌లాక్ (లాక్ కోసం ఎదురుచూస్తూ ఎప్పటికీ ఆగిపోవడం) వచ్చిందని మ్యూటెక్స్‌ను రికర్సివ్‌గా మార్చడం. తాత్కాలికంగా పనిచేస్తుంది, డిజైన్ తప్పు మాత్రం అడుగున అలాగే ఉంటుంది

### 10.2 చేయాల్సినవి

ముందు యజమాని ఎవరో తేల్చండి. మన సెషన్‌కు మందు లాక్ కాదు, యాజమాన్యం. సెషన్‌ను షేర్డ్ పాయింటర్‌లో పెట్టి, టైమర్‌కు వీక్ పాయింటర్ మాత్రమే ఇవ్వండి. టైమర్ తన వంతు రాగానే వీక్ పాయింటర్ మీద లాక్ అనే ఫంక్షన్ పిలుస్తుంది. సెషన్ బతికి ఉంటే గట్టి పాయింటర్ వస్తుంది, పని ముగిసేదాకా ఎవరూ డిలీట్ చేయలేరు. లేకపోతే ఖాళీ వస్తుంది, జాబితాలోంచి తీసేస్తుంది. ఇది సెషన్ ప్రాణాన్ని మాత్రమే కాపాడుతుంది. లోపలి ఫీల్డ్‌లను ఇద్దరూ మారుస్తుంటే వాటికి మ్యూటెక్స్ వేరేగా కావాలి.

చూడడం, చేయడం రెండూ ఒకే లాక్ కింద ఉండాలి. "క్యూ ఖాళీగా ఉందా" అని లాక్ పట్టుకుని అడిగి, వదిలి, మళ్లీ పట్టుకుని పాప్ చేస్తే, ఆ సందులో ఇంకొకరు చివరిది తీసుకుపోతారు. రెండు ఫంక్షన్లూ విడివిడిగా భద్రమే, జంటగా కాదు.

కాల్‌బ్యాక్‌లను లాక్ పట్టుకుని పిలవకండి. లాక్ కింద జాబితాను కాపీ చేసుకుని, లాక్ వదిలి, అప్పుడు పిలవండి. కండిషన్ వేరియబుల్ మీద వెయిట్ ఎప్పుడూ షరతుతోనే, ఎందుకంటే ఎవరూ పిలవకుండానే నిద్ర లేవడం దానికి మామూలే. రెండు లాక్‌లు కావాల్సి వస్తే సీ ప్లస్ ప్లస్ 17 స్కోప్డ్ లాక్‌తో ఒకేసారి తీసుకోండి. ముగింపులో ముందు థ్రెడ్లను ఆపి, జాయిన్ చేసి, ఆ తర్వాతే వాటి డేటాను నాశనం చేయండి.

క్లాంగ్ వాడుతుంటే, ఏ డేటాను ఏ మ్యూటెక్స్ కాపాడుతోందో గార్డెడ్ బై అనే యానొటేషన్‌తో రాసి, థ్రెడ్ సేఫ్టీ హెచ్చరికలు ఆన్ చేయండి. లాక్ లేకుండా ముట్టుకుంటే కంపైల్ వేళలోనే అరుస్తుంది.

## 11. నిజంగా పోయిందా? లెక్కతో చూడండి

మార్పు చేశారు, వందసార్లు నడిపారు, పడలేదు. సరిపోతుందా? ఇంతకు ముందు వందసార్లకు ఒకసారి పడేదైతే, బగ్ అలాగే ఉన్నా వందసార్లూ పడకుండా ఉండే అవకాశం సుమారు 37 శాతం. అంటే మూడింట ఒక వంతుకు పైగా అది ఒట్టి అదృష్టం. మూడు వందలసార్లు నడిపితే ఆ అవకాశం 5 శాతానికి దిగుతుంది.

సులువైన కొలత: ఎన్నిసార్లకు ఒకసారి పడేదో దానికి మూడు రెట్లు నడపండి. రెండు రోజులకోసారి పడే సర్వీసుకైతే ఇది ఆరు రోజులు. అందుకే 6వ భాగంలో క్రాష్‌ను నిమిషాల్లోకి తెచ్చుకోమన్నది. అది చేసినవాళ్లు మధ్యాహ్నానికల్లా జవాబు తెలుసుకుంటారు. మిగతావాళ్లు వారమంతా లాగ్ చూస్తూ కూర్చోవాలి.

మూసే ముందు ఇవి టిక్ పెట్టండి:

- పాత కోడ్ ఆ టెస్ట్‌లో పడుతోందని ముందే చూశారా?
- ఎన్నిసార్లకు ఒకసారి పడేదో అంకె రాసుకున్నారా?
- దానికి మూడు రెట్లు నడిచిందా?
- సందు వెడల్పు చేసే స్లీప్ ఉంచి కూడా పడకుండా నిలిచిందా? ఆ తర్వాత స్లీప్ తీసేశారా?
- థ్రెడ్ శానిటైజర్, అడ్రస్ శానిటైజర్ రెండు బిల్డ్‌లూ శుభ్రంగా ఉన్నాయా?
- అదే తప్పు కోడ్‌లో ఇంకెక్కడైనా ఉందా అని వెతికారా? టైమర్‌కు మామూలు పాయింటర్ ఇచ్చిన చేయి ఇంకోచోట కూడా ఇచ్చే ఉంటుంది.
- కమిట్ సందేశంలో ఏ రెండు థ్రెడ్లు, ఏ డేటా, ఏ వరసలో ఢీకొన్నాయో రాశారా? ఆ వాక్యం రాయలేకపోతే 4వ భాగానికి తిరిగి వెళ్లండి.